మీట్‌లో మీ స్కేల్ కబ్‌ని ఎగరేసే ముందు

మీరు అడిగింది ఇదీ. తేలికైన బాల్సా చెక్కతో సొంతంగా కట్టుకున్న పైపర్ జె-3 కబ్ (పాతకాలపు రెండు సీట్ల చిన్న విమానం) రేడియో కంట్రోల్ మోడల్, అసలు విమానంలో అయిదో వంతు సైజుది, ఎలక్ట్రిక్ మోటారుతో సిద్ధమైంది. వచ్చే నెలలో మోడల్ విమానాల హాబీ మీట్ ఉంది. ఇంతవరకూ మీరు ఫోమ్ ట్రైనర్లే (నేర్చుకునేవాళ్ల తేలికైన మోడళ్లే) ఎగరేశారు. దీన్ని మొదటిసారి అక్కడే, అందరి ముందు ఎగరేయాలని ఉంది, కానీ చేతులు వణుకుతాయేమోనని టెన్షన్. ఏమేం చూసుకోవాలి, ఎలా ఎగరేస్తే అసలు కబ్‌లా కనిపిస్తుంది, పైలట్ బొమ్మను ఎక్కడ కూర్చోబెట్టాలి అని మూడు ప్రశ్నలు వేశారు.

ముందుగా ఒక్క విషయం గట్టిగా చెప్తాను. మొదటిసారి మీట్‌లో ఎగరేయకండి. మీట్‌లో ఎగరేసేది మీకు అప్పటికే బాగా తెలిసిపోయిన విమానం అయి ఉండాలి. అది ఏ వేగంలో స్టాల్ అవుతుందో (రెక్క బరువు మోయలేక పడిపోతుందో), స్టాల్ అయితే ఏ రెక్క పడుతుందో, థ్రాటిల్ (మోటారు పవర్) ఎంత ఉంటే లెవెల్‌గా వెళ్తుందో, దిగేటప్పుడు ఎంత దూరం తేలుతూ వస్తుందో మీ వేళ్లకు తెలియాలి. కొత్త విమానంతో మొదటి రోజు ఇవన్నీ ప్రశ్నలే. నలుగురు చూస్తుండగా, పక్కన ఇంకో ముగ్గురు పైలట్లు ఎగరేస్తుండగా, గాలి ఎటు వీస్తే అటు సర్దుకోవాల్సిన చోట ఆ ప్రశ్నలకు జవాబులు వెతుక్కోకూడదు. నెల రోజుల టైముంది కాబట్టి ఖాళీ మైదానంలో, అనుభవం ఉన్న ఒకరిని పక్కన పెట్టుకుని కొన్ని సార్లు ఎగరేయండి. చేతుల వణుకు తగ్గడానికి కూడా నాకు తెలిసిన మందు అదే.

ఇప్పుడు విమానం సంగతి. సి.జి., అంటే విమానం బ్యాలెన్స్ అయ్యే బిందువు, తప్పితే మిగతావన్నీ ఎంత బాగున్నా లాభం లేదు. అసలు కబ్ రెక్క కోర్డ్, అంటే ముందు అంచు నుంచి వెనక అంచు దాకా ఉన్న వెడల్పు, సుమారు 160 సెం.మీ. మీ మోడల్‌లో అది 32 సెం.మీ. అవుతుంది. కబ్ రెక్క చివరి వరకూ దాదాపు ఒకే వెడల్పు కాబట్టి లెక్క సులువు. కోర్డ్‌లో 25 శాతం దగ్గర, అంటే ముందు అంచు నుంచి 8 సెం.మీ. వెనక్కి, బ్యాలెన్స్ అయ్యేలా మొదలుపెట్టండి. ఎగరేశాక బాగుందనిపిస్తే కొద్దికొద్దిగా వెనక్కి జరపొచ్చు, కానీ 30 శాతం దాటనివ్వకండి. ముక్కు కాస్త బరువైతే విమానం మొద్దుగా ఎగురుతుంది, అంతే. తోక బరువైతే ఎలివేటర్ (ముక్కును పైకీ కిందికీ తిప్పే తోక పలక) కొంచెం కదిపినా ముక్కు అదుపు లేకుండా లేస్తుంది, దాన్ని పట్టుకునే లోపే స్టాల్ అయిపోతుంది. బ్యాటరీ పెట్టి, ఎగరేసేటప్పుడు ఉండే ప్రతి వస్తువూ లోపల ఉంచే కొలవాలి.

చేత్తో కట్టిన మోడళ్లలో తోక బరువు ఎక్కువవడం చాలా మామూలు. కబ్‌కి ముక్కు పొట్టి, తోక పొడవు. తోకలో 10 గ్రాములు ఎక్కువైతే దాన్ని సరిచేయడానికి ముక్కులో 30 గ్రాములకు పైనే పెట్టాల్సి వస్తుంది. అందుకే ముక్కులో సీసం పెట్టే ముందు తోక వైపు చూడండి. బరువైన టెయిల్ వీల్ ఉందా, రంగు రెండు మూడు కోటింగులు పడిందా, సర్వోలను (పలకలను కదిపే చిన్న మోటార్లను) తోకలో పెట్టారా? బ్యాటరీని ఫైర్‌వాల్ (మోటారు బిగించే ముందు పలక) దాకా జరిపితే సరిపోతుందేమో కూడా చూడండి.

మొత్తం బరువు విషయంలో ఒక లెక్క ఉపయోగపడుతుంది. అసలు కబ్ గరిష్ఠ బరువు 553 కిలోలు. కొలతలు అయిదో వంతు అయినప్పుడు బరువు 125వ వంతు కావాలి, అంటే సుమారు 4.4 కిలోలు. మీ విమానం అంతకంటే తేలికగా ఉంటే సంతోషించండి. 5 కిలోలు దాటితే ఎగరదని కాదు, కానీ స్టాల్ వేగం పెరుగుతుంది, కబ్‌లా మెల్లగా ఎగరేయాలన్న మీ కోరిక ఆ మేరకు కష్టమవుతుంది.

రెక్క వంకర లేకుండా ఉందో లేదో ఎదురుగా నిలబడి చూడండి. రెక్క చివర్ల దగ్గర ముందు అంచు, మొదలు దగ్గరి కంటే ఒకటి రెండు డిగ్రీలు కిందికి తిరిగి ఉండాలి, రెండు వైపులా అది ఒకేలా ఉండాలి. దాన్ని వాష్‌అవుట్ అంటారు. అది ఉంటే స్టాల్ రెక్క మధ్యలో మొదలవుతుంది, చివర్లు ఇంకా గాలిని పట్టుకునే ఉంటాయి, ఎయిలెరాన్లు (విమానాన్ని పక్కలకు వాల్చే, రెక్క వెనక అంచు పలకలు) మీ మాట వింటాయి. కవరింగ్ ఫిల్మ్ ఎండకు బిగుసుకుని ఒకవైపు రెక్క మెలితిరిగితే ఆ తేడా స్టాల్ వేళ బయటపడుతుంది. కారులో ఎండలో ఉంచి తెచ్చిన రెక్కను ప్రతిసారీ ఇలా చూడాల్సిందే. రెక్క కింద స్ట్రట్‌లు (రెక్కను విమానం ఒంటికి కలిపే ఊతకర్రలు) అలంకారానికి పెట్టారా, నిజంగా బరువు మోస్తున్నాయా అన్నది ప్లాన్‌లో చూసుకోండి. మోసేవైతే వాటి బోల్టులు ప్రతి ఫ్లయిట్‌కీ ముందు చేత్తో తిప్పి చూడాలి.

రేడియో సంగతి క్లుప్తంగా చెప్తాను. విమానం వెనక నిలబడి, స్టిక్ కుడికి నెట్టితే కుడి ఎయిలెరాన్ పైకి లేవాలి. రెక్కలు ఊడదీసి మళ్లీ బిగించిన చోట కనెక్టర్లు అటూ ఇటూ మారిపోవడం తరచూ జరిగేదే. ట్రాన్స్‌మిటర్‌లో వేరే మోడల్ మెమరీ సెలెక్ట్ అయి ఉండటం కూడా అంతే. అందుకని ఈ పరీక్ష ఇంటి దగ్గర చేశాం కదా అని మైదానంలో మానేయకండి. రేంజ్ టెస్ట్ మీ రేడియో మాన్యువల్ చెప్పిన దూరంలో చేయండి, ఒకసారి మోటారు ఆపి, ఒకసారి మోటారు తిరుగుతుండగా. ఫెయిల్‌సేఫ్ (సిగ్నల్ పోతే విమానం తనంతట తాను చేసే పని) సెట్టింగ్‌లో థ్రాటిల్ పూర్తిగా మూసుకోవాలి. ప్రొపెల్లర్ తీసేసి, మోటారు తిప్పుతూ ట్రాన్స్‌మిటర్ ఆపి చూడండి. మోటారు ఆగలేదంటే విమానం ఎగరడానికి సిద్ధంగా లేనట్టే.

ఇక టేకాఫ్. మీ ఫోమ్ ట్రైనర్‌కీ కబ్‌కీ ఉన్న తేడా మొట్టమొదట ఇక్కడే తెలుస్తుంది కాబట్టి దీని మీద కొంచెం ఎక్కువ రాస్తాను.

కబ్ తోక చక్రం విమానం. థ్రాటిల్ ఒక్కసారిగా తెరిస్తే ముక్కు ఎడమకి లాగుతుంది. మోటారు టార్క్ (తిప్పే బలం), ప్రొపెల్లర్ తోసిన గాలి తిరుగుతూ వచ్చి ఫిన్‌కి (తోక మీది నిలువు పలకకి) తగలడం, తోక కింద ఉన్నప్పుడు ప్రొపెల్లర్ ఒకవైపు ఎక్కువ లాగడం, ఇవన్నీ కలిసి చేసే పని అది. కాబట్టి గాలికి ఎదురుగా నిలిపి, ఎలివేటర్ పైకి పట్టుకుని, థ్రాటిల్‌ను మూడు నాలుగు సెకన్ల మీద మెల్లగా తెరవండి. కుడి రడ్డర్ (ముక్కును కుడి ఎడమలకు తిప్పే తోక పలక) కొద్దిగా ఇస్తూ నేరుగా ఉంచండి. వేగం పెరిగే కొద్దీ ఎలివేటర్ వదులుతూ రండి, తోక దానంతట అదే లేస్తుంది. తోక లేచాక కాసేపు అలాగే పరిగెత్తనివ్వండి. అసలు కబ్ ఇంజిన్ 65 హార్స్‌పవర్ మాత్రమే, అది నేల మీద నుంచి ఎగిరి దూకదు. మీ మోటారుకు ఎంత పవర్ మిగులున్నా, ఆ పరుగు చూపించడంలోనే స్కేల్ అందం ఉంది.

నేల విడిచిన తర్వాత వచ్చే అయిదు సెకన్లు చాలా జాగ్రత్త. తొందరపడి ఎలివేటర్ లాగితే వేగం తక్కువ, ముక్కు ఎత్తు, పవర్ పూర్తి. ఎడమ రెక్క కాస్త వాలుతుంది. ట్రైనర్ అలవాటు ప్రకారం మీ చెయ్యి కుడి ఎయిలెరాన్ ఇస్తుంది. అలా స్టిక్ కుడికి నెట్టితే ఎడమ రెక్క మీదున్న ఎయిలెరాన్ కిందికి దిగుతుంది. ఆ వైపు లిఫ్ట్‌తో (పైకి ఎత్తే బలంతో) పాటు డ్రాగ్ (వెనక్కి లాగే గాలి నిరోధం) కూడా పెరుగుతుంది, ముక్కు ఇంకా ఎడమకి తిరుగుతుంది. అప్పటికే స్టాల్ అంచున ఉన్న ఎడమ రెక్క పూర్తిగా పడిపోతుంది, విమానం ఎడమకి తిరగబడి నేలను తాకుతుంది. చూసేవాళ్లు రేడియో పోయిందనుకుంటారు. రేడియోకి ఏమీ కాలేదు, వేగం లేనప్పుడు ఎయిలెరాన్ ఇచ్చారు, అంతే. పొడవైన రెక్క, పెద్ద ఎయిలెరాన్లు ఉన్న పాతకాలపు విమానాలన్నిటికీ ఈ గుణం ఉంది. దీన్ని అడ్వర్స్ యా అంటారు.

విరుగుడు రెండు చోట్ల ఉంది. ట్రాన్స్‌మిటర్‌లో ఎయిలెరాన్ డిఫరెన్షియల్ పెట్టండి, పైకి లేచేది కిందికి దిగేదానికి రెట్టింపు ఉండేలా. తర్వాత మీ ఎడమ బొటనవేలికి పని నేర్పండి. మలుపు మొదలుపెట్టేటప్పుడు ఎయిలెరాన్‌తో పాటు అదే వైపు రడ్డర్ కూడా వెళ్లాలి. వేగం తక్కువగా ఉన్నప్పుడు రెక్క వాలితే ముందు రడ్డర్‌తో, ముక్కు కాస్త దించి సరిచేయాలి. రడ్డర్‌ను ఎయిలెరాన్‌తో మిక్స్ చేసి (రెండూ కలిసి కదిలేలా ట్రాన్స్‌మిటర్‌లో సెట్ చేసి) వదిలేయొచ్చు కదా అని చాలామంది అడుగుతారు. నా అభిప్రాయంలో వద్దు. కబ్‌ని నేర్చుకోవడం అంటే రడ్డర్ నేర్చుకోవడమే, మిక్స్ పెడితే అది మీకు ఎప్పటికీ రాదు.

ఖాళీ మైదానంలో చేయాల్సిన ఇంకో పని స్టాల్ పరీక్ష. బాగా ఎత్తుకు తీసుకెళ్లి, థ్రాటిల్ మూసి, ఎలివేటర్ నెమ్మదిగా లాగుతూ రండి. ముక్కు నేరుగా కిందికి వాలిందా, ఒక రెక్క పడిందా చూడండి. అసలు కబ్ మంచి స్వభావం ఉన్న విమానమని విని, మోడల్ కూడా అలాగే ఉంటుందని అనుకోవద్దు. గాలి ప్రవాహాన్ని చెప్పే రెనాల్డ్స్ సంఖ్య అసలు కబ్ క్రూజ్‌లో (మామూలు ప్రయాణ వేగంలో) సుమారు 37 లక్షలు ఉంటే, మీ మోడల్‌కి 3.3 లక్షల దగ్గర ఉంటుంది. చిన్న రెక్క మీద గాలి అంత గట్టిగా అంటిపెట్టుకుని సాగదు, తొందరగా విడిపోతుంది. కాబట్టి మీ విమానం స్టాల్ ఎలా ఉంటుందో మీ విమానమే చెప్పాలి.

అసలు కబ్‌లా కనిపించాలంటే ఎంత వేగంతో ఎగరేయాలి? కొలత అయిదో వంతు కాబట్టి వేగం కూడా అయిదో వంతు ఉండాలనిపిస్తుంది. అంత తక్కువలో రెక్క బరువు మోయలేదు. మనం చూడాల్సింది కొలతల నిష్పత్తికి వర్గమూలం. 1/5కి వర్గమూలం సుమారు 0.45. అసలు కబ్ క్రూజ్ గంటకు 121 కి.మీ., కాబట్టి మీ మోడల్‌కు గంటకు 54 కి.మీ. దగ్గర సరైన వేగం. ఆ వేగంలో మలుపులు, ఎక్కడం దిగడం అసలు విమానం కదలికలకు పోలికగా ఉంటాయి. ఎలక్ట్రిక్ మోటారుతో చాలామంది దీనికంటే బాగా ఎక్కువ వేగంలో ఎగరేస్తారు, అక్కడే కబ్ కబ్‌లా లేకుండా పోతుంది. టెస్ట్ ఫ్లయిట్‌లలో ఆ వేగం ఏ థ్రాటిల్ దగ్గర వస్తుందో గుర్తుపెట్టుకోండి, సాధారణంగా సగం లోపే ఉంటుంది.

మలుపులు పెద్దవిగా, తక్కువ వాలుతో తీసుకోండి. రన్‌వే మీదుగా తక్కువ ఎత్తులో ఒక పాస్, పెద్ద ఎనిమిది అంకె, ఒక టచ్ అండ్ గో (నేలను తాకి మళ్లీ లేవడం), చివర్లో సైడ్ స్లిప్‌తో దిగడం, ఇంత చాలు. కబ్‌కి ఫ్లాప్‌లు (దిగేటప్పుడు వేగం తగ్గించే రెక్క పలకలు) లేవు, ఎత్తు ఎక్కువైతే అసలు పైలట్లు కూడా సైడ్ స్లిప్‌తోనే దించుతారు. రడ్డర్ ఒకవైపు, ఎయిలెరాన్ ఇంకోవైపు ఇస్తే విమానం పక్కకు వాలి, గాలికి ఎదురొడ్డి, వేగం పెరగకుండా ఎత్తు దిగుతుంది. తెలిసినవాళ్లకు ఆ ఒక్కటీ చూస్తే చాలు, ఎగరేసేది ఎవరో అర్థమవుతుంది. ఎత్తులో బాగా సాధన చేశాకే నేల దగ్గర చేయండి. లూప్, రోల్ మాత్రం మీట్‌లో వద్దు. రెక్క తట్టుకుంటుందని మీరనుకున్నా ఆ విమానానికి అవి నప్పవు.

గాలి గురించి ఒక మోసం చెప్పాలి. గంటకు 20 కి.మీ. గాలి ఉందనుకోండి. 54 కి.మీ. వేగంతో వెళ్తున్న విమానం గాలితో పాటు వెళ్తుంటే నేల మీద నుంచి చూసేవాళ్లకు 74లా, ఎదురు వెళ్తుంటే 34లా కనిపిస్తుంది. గాలితో పాటు తిరిగినప్పుడు కంటికి మరీ వేగంగా అనిపించి పైలట్ థ్రాటిల్ తగ్గించి ఎలివేటర్ లాగుతాడు. విమానానికి తెలిసేది గాలితో తన వేగమే, అది తగ్గిపోయి మలుపులోనే స్టాల్ అవుతుంది. టెస్ట్ ఫ్లయిట్‌లలో లెవెల్‌గా వెళ్లిన థ్రాటిల్ ఎంతో గుర్తుంటే, కన్ను చెప్పేదాన్ని పక్కన పెట్టి ఆ థ్రాటిల్‌నే నమ్మగలుగుతారు.

ఎంత గాలి దాటితే ఎగరేయకూడదో ఇంటి దగ్గరే నిర్ణయించుకోండి. అక్కడికి వెళ్లాక, ఇంత దూరం తెచ్చాం కదా అన్న ఆలోచన వచ్చేస్తుంది, స్నేహితులు ఒకసారి ఎగరెయ్యి అంటారు. రన్‌వేకి అడ్డంగా విసిరివిసిరి వీచే గాలిలో తేలికపాటి తోక చక్రం విమానం దింపడం బాగా అనుభవం ఉన్నవాళ్లకే కష్టం. అలాంటి రోజు కబ్‌ని బల్ల మీద ఉంచి అందరికీ చూపించండి. కట్టిన పనిని దగ్గరగా చూడాలని వచ్చేవాళ్లు ఎప్పుడూ ఉంటారు, వాళ్లతో మాట్లాడటం కూడా మీట్‌లో భాగమే.

మీట్ రోజున బ్రీఫింగ్ తప్పకుండా వినండి. సేఫ్టీ లైన్ ఎక్కడుంది, ఏ వైపు ఎగరేయకూడదు, మోటారు ఎక్కడ ఆన్ చేయాలి అనేవి మైదానానికో రకంగా ఉంటాయి. నిర్వాహకులతో ముందే మాట్లాడి, జెట్‌లు, 3డి (విన్యాసాలు చేసే) విమానాలు లేని స్లాట్ అడగండి. మీది నెమ్మదైన విమానం, అవి చుట్టూ తిరుగుతుంటే మీ ధ్యాసంతా వాటి మీదే ఉంటుంది. ఒక స్పాటర్‌ని పక్కన నిలబెట్టుకోండి. ఇతర విమానాలు ఎక్కడున్నాయో చెప్పడం, 'టేకాఫ్', 'ల్యాండింగ్', మోటారు ఆగితే 'డెడ్ స్టిక్' అని గట్టిగా అరవడం, మీతో మాట్లాడాలని వచ్చేవాళ్లను ఆపడం అతని పని. ఫోన్ అతనికివ్వండి. ట్రాన్స్‌మిటర్‌కు మెడ స్ట్రాప్ వేసుకుంటే దాని బరువు వేళ్ల మీద పడదు, వణుకు ఉన్నా స్టిక్‌ల దాకా అంతగా రాదు. టేకాఫ్‌కి ముందు ఎగరేయబోయే వరస మొత్తం స్పాటర్‌కి నోటితో చెప్పండి. చెప్పడం పూర్తయ్యేసరికి ఊపిరి కూడా కుదుటపడుతుంది.

బ్యాటరీకి టైమర్ పెట్టండి. టెస్ట్ ఫ్లయిట్ తర్వాత లోడ్ లేకుండా సెల్‌కి 3.7 వోల్టుల పైన మిగిలేలా చూసుకుని, దాన్ని బట్టి టైము నిర్ణయించండి. ల్యాండింగ్ కుదరక రెండు మూడుసార్లు తిరిగి రావాల్సి వచ్చినా సరిపోవాలి.

దిగేటప్పుడు చివరి మలుపు దగ్గర, రన్‌వే వైపు తిరుగుతున్నప్పుడు, ఎక్కువ మోడళ్లు పోతాయి. ఎత్తు తక్కువ, వేగం తక్కువ, రన్‌వే దాటిపోతున్నానేమోనని మలుపు బిగించడం, ఎలివేటర్ లాగడం. ఆ మలుపును తొందరగా, పెద్దదిగా మొదలుపెట్టండి. లైన్ తప్పితే బిగించకండి, థ్రాటిల్ మెల్లగా తెరిచి మళ్లీ చుట్టూ తిరిగి రండి. ఎవరూ లెక్కపెట్టరు. కొద్దిగా పవర్ ఉంచి, ముందు రెండు చక్రాల మీద దింపి, పవర్ తీసి, తోక దిగాక ఎలివేటర్ పైకి పట్టుకోండి. గడ్డిలో అలా పట్టుకోకపోతే ముక్కు మీద పల్టీ కొడుతుంది.

మోటారు ఆగిపోతే ముక్కు దించి వేగం నిలుపుకుని ఎదురుగా ఉన్న ఖాళీలో దింపండి. రన్‌వేకి తిరిగి తేవాలని ఎత్తు లేకుండా వెనక్కి తిప్పకండి. విమానం ఎప్పుడైనా అదుపు తప్పి జనం వైపు వెళ్తుందనిపిస్తే ఆలోచించడానికి ఏమీ లేదు: థ్రాటిల్ మూసి, అక్కడికక్కడే ఖాళీ నేలలోకి దించేయండి. మీరు ఎన్ని నెలలు కట్టారన్నది ఆ క్షణంలో లెక్కలోకి రాకూడదు. ఈ నిర్ణయం కూడా నేల మీదే తీసుకుని వెళ్లండి. గట్టిగా తగిలి దిగితే లైపో (లిథియం పాలిమర్) బ్యాటరీని బయటికి తీసి, మండే వస్తువులకు దూరంగా పెట్టి అరగంట కనిపెట్టి ఉండాలి. దెబ్బతిన్న సెల్ ఆలస్యంగా కూడా అంటుకుంటుంది.

చివరిగా పైలట్ బొమ్మ. ముందు సీటులో పెట్టాలనుకుంటున్నట్టు రాశారు. జె-3 కబ్‌ని ఒక్కరే నడిపేటప్పుడు వెనక సీటులోనే కూర్చుంటారు, అసలు విమానం సి.జి. అలా కుదురుతుంది. కాబట్టి మీ బొమ్మను వెనక సీటులో పెట్టండి, కబ్ తెలిసినవాళ్లు మొదట చూసేది అదే. 175 సెం.మీ. మనిషి అయిదో వంతులో 35 సెం.మీ. అవుతాడు, కూర్చుంటే ఇంకా తక్కువ. ఫోమ్‌తో చేసిన తేలికైన తల, భుజాలు సరిపోతాయి. బొమ్మ పెట్టాక 8 సెం.మీ. గీత దగ్గర సి.జి. మళ్లీ కొలవండి.